తోస్తే లేచే లివరు

మా వీధిలో అతని అసలు పేరు ఎవరూ వాడరు. బిగింపులాయన అంటేనే తెలుస్తుంది. జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్పానరు ఉంటుంది. మనతో మాట్లాడుతూనే మన గేటును చేత్తో ఊపి, బందులు వదులయ్యాయేమో చూస్తాడు. మంచినీళ్ళకని లోపలికొచ్చి, గ్లాసు పక్కన పెట్టి, కారుతున్న కొళాయి బిగించి పోతాడు. ఒకసారి పరామర్శకి వెళ్ళిన ఇంట్లో అందరూ తలలు దించుకుని కూర్చుంటే, తన కింది కుర్చీ కిర్రుమంటోందని దాని కిందకి దూరి మరలు బిగించాడట. వాళ్ళావిడ ఆ వేళ సిగ్గుతో చచ్చిపోయింది.

నాకేమో అడగందే తోచదు. చదువు ఐదో తరగతితో ఆగింది గానీ అడగడం ఆగలేదు. అతను ఏదైనా విప్పితే నేను పక్కన పీట వేసుకు కూర్చుంటాను. నన్ను అక్కా అంటాడు, వాళ్ళావిడ వదినా అంటుంది. ఇది రాస్తానని అతనికి చెప్పే రాస్తున్నాను. "రాయక్కా. కానీ లివరు సంగతి దాచకుండా రాయి" అన్నాడు.

అందుకని లివరు దగ్గరికే వస్తాను.

చిన్నప్పటినుంచీ నీళ్ళ పంపులు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. ఆ షెడ్డు మూతపడ్డాక, ఎవరో వాడి, పక్కన పడేసిన చిన్న ట్రాక్టరు ఒకటి తెచ్చుకున్నాడు. ట్రాక్టరంటే పెద్దదేం కాదు, నా నడుమెత్తు చక్రాలు, సందుల్లో దూరిపోయే బండి. దానికి తగ్గట్టు ఒక చిన్న ట్రాలీ. పెరళ్ళలోకి మట్టి, ఇసుక తోలడం, కూరగాయల మళ్ళు దున్నడం అతని పని. తోలిన మట్టి దించాలంటే ట్రాలీ కింద చేతి జాకీ పెట్టి పంపు కొట్టాలి. కొట్టీ కొట్టీ కుడి భుజం పట్టేసింది.

"ఊళ్ళో గేట్లన్నీ బిగిస్తావు, ముందు ఆ భుజం బిగించుకో" అనేది వాళ్ళావిడ.

ఆ బండికి వెనక నాగలి ఎత్తే ఇనప చేతులున్నాయి గానీ, ట్రాలీని ఎత్తడానికి నూనె పంపే దారి లేదు. పెద్ద ట్రాక్టర్లకైతే వెనక రెండు మూతులుంటాయట. గొట్టాలు తగిలించి లివరు కదిపితే ట్రాలీ దానంతటదే లేస్తుంది. బళ్ళ షెడ్డులో అడిగితే, "ఇంత బుల్లి బండికి అంత సోకెందుకయ్యా" అని నవ్వారట. ఇంటికొచ్చి, "నేనే పెట్టుకుంటా" అన్నాడు.

"ఏం పెట్టుకుంటావు? నాకర్థమయ్యేట్టు చెప్పు" అన్నాను.

"బండిలో ఒక పంపుందక్కా. అది నూనెని తోస్తూనే ఉంటుంది, ఆగదు. ఇప్పుడా నూనె తిన్నగా నాగలి చేతుల దగ్గరికి పోతోంది. దారి మధ్యలో నేనో వాల్వు పెడతా. నూనె ముందు వాల్వులోకి రావాలి, అక్కణ్ణించి నాగలికి పోవాలి, పని అయిపోయిన నూనె మళ్ళీ ట్యాంకులోకి రావాలి."

"మధ్యలో దారి మూసుకుపోతే?"

"ఏదో ఒకటి పగులుతుంది."

వాళ్ళావిడ గడపలో బియ్యం ఏరుకుంటూ, "అయితే అది మా వదిన నోరు లాంటిదన్నమాట. మూస్తే ప్రమాదం" అంది. నేనే ముందు నవ్వాను.

పని మొదలుపెట్టాడు. సీటు పక్కన మందపాటి రేకు కోసి, తొలిచి, వాల్వు కూర్చోవడానికి చోటు చేశాడు. గొట్టాల కొట్టుకి వెళ్ళి, దారంతో తీసుకున్న కొలతలు ఇచ్చి, రెండు చివరలా బిగింపులు నొక్కించుకుని వచ్చాడు. పాత ఇనప సామాన్ల దగ్గర ట్రాలీ కింద పెట్టే హైడ్రాలిక్ జాకీ దొరికింది. దానికి రెండు గొట్టాలు, ఒకటి ఎత్తడానికి, ఒకటి దించడానికి. విప్పిన ప్రతి మూతికీ పాలిథిన్ ముక్క కట్టాడు. ధూళి రవ్వ లోపలికి పోకూడదట. ఆ ముడులు చూసి, "నీ పెళ్ళాం పచ్చడి జాడీకి కూడా ఇంత శుభ్రంగా కట్టదు" అన్నాను. లోపల్నుంచి "వింటున్నా" అని వినబడింది.

మొదటిసారి బండి స్టార్టు చేస్తే నాగలి చేతులు లేవలేదు. అతని మొహం మాడిపోయింది. తరవాత నుదురు కొట్టుకున్నాడు. వాల్వు లోపల ఒక చిన్న బిరడా మార్చాలట. అది మార్చకపోతే నూనె నాగలి దాకా పోకుండా సగం దారిలోనే ట్యాంకులోకి తిరిగిపోతుంది. మార్చాక చేతులు లేచాయి. ఎక్కడైనా కారుతోందేమోనని నేను గొట్టం తడమబోతే గట్టిగా అరిచాడు. "చెయ్యి పెట్టకక్కా! సన్న చిల్లు ఉంటే నూనె సూదిలా చర్మంలోకి దిగిపోతుంది!" అట్టముక్క అడ్డం పెట్టి గొట్టాల పొడుగునా చూశాడు. అట్ట పొడిగానే ఉంది. అంత జాగ్రత్త మనిషి.

అప్పుడు ట్రాలీ వంతు వచ్చింది. కొత్త లివరు పట్టుకుని తన వైపు లాగాడు. ఏమీ కాలేదు. ముందుకు తోశాడు. ట్రాలీ తొట్టి కాస్త వణికి, మెల్లగా ముందు భాగం పైకి లేచింది.

"లేచింది!" అని నేను చప్పట్లు కొట్టాను.

అతను మాత్రం తల గోక్కున్నాడు. "తిరగబడిందక్కా. లాగితే లేవాలి, తోస్తే దిగాలి. ఎత్తే గొట్టం దించే దానికి తగిలించేశా."

"మార్చు మరి."

"మార్చాలంటే కప్లింగులు, అదే గొట్టాల కొసల బిగింపులు, విప్పాలి. ఎవరూ తారుమారు చెయ్యకూడదని రెండూ రెండు రకాలు పెట్టా. ఒకదాని గొట్టం ఇంకోదానికి పట్టదు. విప్పితే నూనె కారుతుంది, మళ్ళీ టేపు చుట్టి బిగించాలి. పొద్దున్నే ఇసుక లోడుంది. అదయ్యాక చేస్తా."

నన్ను కూడా ఒకసారి లివరు తొయ్యనిచ్చాడు. అంత ఇనుము నా చేతి కింద లేచేసరికి, ఇంటికెళ్ళి మా ఆయనతో నేనే ట్రాలీ ఎత్తానని చెప్పాను.

ఇసుక లోడు అయింది. ఇంకో లోడు వచ్చింది. కొన్నాళ్ళాగి "మార్చావా?" అని అడిగాను. "నా చేతికి అలవాటైపోయిందక్కా. నూనె మార్చేటప్పుడు ఎలాగూ విప్పుతాగా" అన్నాడు. ఊరందరి వదులూ బిగించే మనిషి, తన బండిలో తిరగబడిన దాన్ని అలాగే ఉంచుకున్నాడు. ఆ తరవాత నేనూ ఆ సంగతి వదిలేశాను.

ఇక బావమరిది గురించి చెప్పాలి. వాళ్ళావిడ తమ్ముడు, రెండు వీధుల అవతల ఉంటాడు. కలప అడితిలో దుంగలు ఎత్తే బండి నడుపుతాడు, ఇనప కొమ్ములు ముందుకు చాచుకుని ఉంటుందే, అది. గుడ్డు కూడా పగలకుండా ఎత్తగలడని అడితిలో చెప్పుకుంటారు. సెలవు దొరికితే బావకి సాయం వస్తాడు. ఇద్దరికీ క్షణం పడదు, క్షణం విడిచి ఉండలేరు.

"బావా, నీ బండి ఎంత ముద్దుగా ఉందో. చక్రాలకి జోళ్ళు కొందామా?"

"నోరు మూసుకుని పార పట్టరా."

ఒక సెలవునాడు మా పెరట్లోకి మట్టి తోలించుకున్నాను. ముందురోజు వాన పడి మట్టి తడిగా, జిగటగా ఉంది. దారిలో బిగింపులాయన బావమరిదికి బండి గురించి చెబుతూనే వచ్చాడట. క్లచ్చు ఇలా తొక్కు, బ్రేకు కాస్త పట్టేస్తుంది, మలుపులో ట్రాలీ తోక చూసుకో. అన్నీ చెప్పాడు. లివరు సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. అది తిరగబడి ఉందన్న సంగతి అతని చేతికి ఏనాడో గుర్తులేకుండా పోయింది.

తనే సీట్లో కూర్చుని తొట్టిని సగం దాకా ఎత్తాడు. మట్టి జారలేదు, అంటుకుపోయింది. దిగి వెనక్కి వెళ్ళి, పారతో లాగడం మొదలుపెట్టాడు. బావమరిది ముందువైపు, బండికీ ట్రాలీకీ మధ్య నిలబడ్డాడు. ఎడమ చెయ్యి తొట్టి కింది ఇనప చట్రం మీద ఆన్చుకుని ఉన్నాడు. చిన్న బండి కదా, అక్కణ్ణించి కుడి చెయ్యి చాస్తే లివరు అందుతుంది.

"ఇంకొంచెం ఎత్తరా!" అని వెనకనుంచి కేకేశాడు.

నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అబ్బాయి లివరుని తన వైపు లాగాడు. అడితిలో రోజంతా ఎలా లాగుతాడో అలాగే. తొట్టి పైకి లేవలేదు. చట్రం మీదకి దిగింది.

ఆ అరుపు నేను రాయను.

బిగింపులాయన పరుగెత్తుకొచ్చి లివరు తోశాడు, తొట్టి లేచింది, చెయ్యి బయటికొచ్చింది. మా తువ్వాలు చుట్టి ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండు వేళ్ళు నలిగాయి. ఒకటి నిలబడింది, ఒకటి కణుపు దాకా పోయింది.

ఆ సాయంత్రం బండి తీసుకుపోవడానికి వచ్చాడు. ఎంతసేపటికీ చప్పుడు లేదేమిటా అని పెరట్లోకి వెళితే, ట్రాలీ ముందు వంగి స్పానరుతో ఏదో చేస్తున్నాడు. చేతుల నిండా నూనె.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

"కప్లింగు కారుతోందక్కా. బిగిస్తున్నా."

బిగింపులాయన బిగిస్తుంటే ఎవరికేం అనుమానం? రాళ్ళ మీద నూనె మరక మాత్రం ఉండిపోయింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాను. అబ్బాయి కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. అక్క పక్కన కూర్చుని ఏడుస్తూనే తిడుతోంది. "ఎత్తమంటే దించుతావురా? ఏం చూస్తున్నావురా అంత పరధ్యానంగా?"

"ఎత్తాననే అనుకున్నా అక్కా" అన్నాడు. తరవాత మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ బావ వైపు చూశాడు. "బావా, నేను ఎత్తాననే అనుకున్నా. నిన్ను కూడా కంగారు పెట్టేశా."

బిగింపులాయన పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోతున్నాడనిపించింది. చివరికి, "పోనీలేరా" అన్నాడు.

పక్క మంచం దగ్గరివాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఎంత మంచి బావ, ఒక్క మాట అనలేదు అని.

తరవాత రోజుల్లో అతని మంచితనానికి అంతు లేకపోయింది. బావమరిది ఇంట్లో నీళ్ళు పట్టాడు, కట్టు మార్పించడానికి తిప్పాడు, పక్కన కూర్చుని పళ్ళు కోసి పెట్టాడు. వాళ్ళావిడ నా దగ్గర మురిసిపోయింది. "మావాడి తప్పుకి ఈయన ఇంతలా చేస్తున్నాడు వదినా. ఎవరు చేస్తారు చెప్పు?" పక్కనే ఉన్న అతను లేచి లోపలికి వెళ్ళిపోయాడు. సిగ్గనుకుంది.

నాకు మాత్రం ఒకటి కనబడింది. అతను బిగించడం మానేశాడు. మా గేటు బందు వదులైతే, దాన్ని తోసుకుని వచ్చాడు, తోసుకుని వెళ్ళాడు, చెయ్యి కూడా వెయ్యలేదు. వాళ్ళ ఇంటి కొళాయే టపటపమని కారుతోంది. వీధిలో అందరూ బావమరిది మీద బెంగ అనుకున్నారు.

ఆ తరవాత కొన్నాళ్ళకి పక్కింటివాళ్ళు ఇసుక తోలించుకున్నారు. గోడ మీంచి తొంగిచూశాను. బిగింపులాయన లివరు పట్టుకుని తన వైపు లాగాడు. తొట్టి లేచింది.

నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. నేను తోస్తే లేచిన తొట్టి. అబ్బాయి లాగితే దిగిన తొట్టి. ఇప్పుడు లాగితే లేస్తోంది. పెరట్లో నూనె మరక గుర్తొచ్చింది.

అతను పని ముగించి చేతులు కడుక్కునేదాకా ఆగాను. నేను ఆగడం ఎంత కష్టమో మా వీధికి తెలుసు. టీ గ్లాసు చేతికిచ్చి, "తమ్ముడూ, ఆ సాయంత్రం మా పెరట్లో బిగించావా, మార్చావా?" అన్నాను.

గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. టీ మీద తొరక కట్టింది.

"ఇంకొకరి చెయ్యి పడకూడదని మార్చానక్కా. ఒట్టు. దాచాలని కాదు. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి చెప్పేద్దామనుకున్నా. ఈలోగా వాడే నన్ను క్షమాపణ అడిగాడు."

"అడిగితే?"

"పోనీలేరా అన్నా కదా! నా తప్పుకి నేనే వాణ్ణి క్షమించా. విన్నావుగా నువ్వు కూడా. ఆ మాట ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెనక్కి తీసుకోను? నలిగిన వేళ్ళకి వాడు నన్ను కొట్టినా పడతా. ఆ మాటకి ఏమంటాడోనని భయం."

తిడదామనే వెళ్ళాను. తిట్టే చోటు మిగల్లేదు. చెప్పాల్సింది ఒకటుంటే అది మాత్రం చెప్పాను. "వాడు అడితి బండి ఎక్కనంటున్నాడట. చెయ్యి నయమయ్యాక రమ్మంటే, 'నా చెయ్యి నా మాట వినడం లేదు, రేపు ఏ కూలీ మీదో దుంగ దించేస్తా' అన్నాడట. గేటు దగ్గర కాపలా పని అడిగాడు. వారం మొదట్లో ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నీకు తెలుసా?"

తెలియదు. బావకి ఆ సంగతి చెప్పలేక వాడూ దాచుకున్నాడు. బిగింపులాయన గ్లాసు కింద పెట్టాడు. టీ ముట్టుకోలేదు.

లివరు మార్చిన సంగతి నేను వాళ్ళావిడకి కూడా చెప్పలేదు. నమ్మేవాళ్ళు నమ్మండి.

ఆదివారం బావమరిదిని ఇంటికి పిలిచాడు. నన్నూ రమ్మన్నాడు. "నువ్వు చూసినదానివి, నువ్వుండాలి" అన్నాడు. ట్రాలీ ఖాళీగా వాకిట్లో ఉంది. అబ్బాయి అరుగు మీద కూర్చున్నాడు, ఎడమ చెయ్యి జేబులో. బిగింపులాయన వంగి రెండు కప్లింగులూ విప్పాడు. నూనె మోచేతుల దాకా కారింది. ఒకదాని చోట ఇంకొకటి పెట్టి, టేపు చుట్టి, బిగించాడు. వాళ్ళావిడ, "ఇవాళ కూడా పనేనా? వాడొచ్చాడు, కాస్త కూర్చో" అంది. వినలేదు. సీటెక్కి తొట్టిని సగం దాకా ఎత్తి, దిగాడు.

"అందరూ దూరంగా నిలబడండి. ఒరేయ్, వచ్చి సీట్లో కూర్చో."

"నేను ముట్టుకోను బావా."

"చుట్టూ ఎవరూ లేరు. ఒక్కసారి."

"వద్దన్నానా!"

"నీ కాళ్ళు పట్టుకోమంటావా?" అన్నాడు. ఆ గొంతు విని అబ్బాయి లేచాడు. సీట్లో కూర్చుని, లివరు మీద చెయ్యి పెట్టి, తీసేసి, ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

"ఇంకొంచెం ఎత్తరా" అన్నాడు బిగింపులాయన.

అబ్బాయి లాగాడు. తొట్టి కిందకి దిగింది.

వాడి మొహం పాలిపోయింది. "చూశావా? చూశావా బావా? మళ్ళీ..."

"సరిగ్గానే లాగావురా. లివరే తిరగబడి ఉంది. ఆవేళ కూడా ఇలాగే ఉంది. పెట్టిన రోజే నాకు తెలుసు. మారుస్తా మారుస్తానని మార్చలేదు. నీ చెయ్యి నలిగిన సాయంత్రం మార్చా. మార్చి, నీతో చెప్పకుండా ఊరుకున్నా."

అబ్బాయి నమ్మనట్టు లివరు తోశాడు. లేచింది. లాగాడు. దిగింది. ఇంకా తోశాడు, ఇంకా లాగాడు. తొట్టి లేస్తూ దిగుతూ ఉంటే మేమంతా ఆ ఇనుము వంకే చూస్తూ నిలబడ్డాం. చివరికి ఆపి, సీట్లోంచే అడిగాడు.

"పోనీలేరా అన్నావు కదా బావా."

"అన్నా."

"నేను రోజూ పడుకునే ముందు ఆ మాట తలుచుకునేవాణ్ణి. నా బావ ఎంత గొప్పవాడో అని."

బిగింపులాయన నూనె చేతులతోనే మొహం కప్పుకున్నాడు. వాళ్ళావిడ అరుగు స్తంభం పట్టుకుని నిలబడింది. తమ్ముణ్ణి తిట్టిన తిట్లన్నీ ఆమె మొహంలో తిరుగుతున్నాయి. లోపలికి వెళ్ళింది.

అబ్బాయి దిగి, "స్పానరు ఇటివ్వు" అన్నాడు. తొట్టి కిందకి దిగే ఉంది. మిగిలిన వేళ్ళతో గొట్టం పట్టుకుని కప్లింగులు విప్పాడు. జారిపోతుంటే బావ సాయం రాబోయాడు. "వద్దు" అన్నాడు. తనే మార్చి, తనే బిగించి, సీటెక్కి లివరు లాగాడు. తొట్టి పూర్తిగా పైకి లేచింది. మళ్ళీ దించి, స్పానరు సీటు మీద పెట్టి, నాకు మాత్రం "వెళ్ళొస్తా వదినగారూ" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు అడితిలో బండెక్కాడు. వెళ్ళి చూసొచ్చాను, అడగాలా? నలిగిన చేత్తో చక్రం, ఇంకో చేత్తో లివరు. దుంగలు మునుపటిలాగే మెల్లగా దించుతున్నాడు. వాళ్ళావిడ చాలా రోజులు మొగుడితో కంచం చప్పుడుతోనే మాట్లాడింది, ఇప్పుడిప్పుడే నోటితో మాట్లాడుతోంది. బావమరిది ఆ ఇంటికి వస్తున్నాడు, అక్కతో మాట్లాడి వెళుతున్నాడు. బండి గురించి జోకులు మాత్రం వెయ్యడం లేదు.

నేను ఊరుకోలేక అడిగాను. "మీ బావని పోనీలే అని ఎప్పుడంటావు?"

"ఆ మాట మాత్రం నా నోట రాదు వదినగారూ. ఇంకేదైనా మాట దొరికితే చూస్తా" అన్నాడు.

అది కూడా బిగింపులాయనకి చెప్పాను. తల ఊపాడు.

మొన్న మా గేటు బందులు బిగించడానికి వచ్చాడు, పిలవకుండానే. బిగించి, ఊపి చూసుకుని, మునుపైతే వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు స్పానరు పట్టుకుని పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

"అక్కా, నువ్వొకసారి తెరిచి చూడు."

"నువ్వు చూశావుగా?"

"నా చెయ్యి చూసింది. నీ చెయ్యి చూడాలి."

నా చేతులకి పిండి అంటుకుని ఉంది. కడుక్కుని వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. గేటు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. అప్పుడు వెళ్ళాడు.